రాజావారి మనవడికి సన్మానం

కెనడాలో, ఓక్‌విల్‌లో మా తెలుగు సంఘం ఎవరికి శాలువా కప్పినా సన్మాన పత్రం రాసి చదివేది నేనే. అది గ్రాంథికంలోనే ఉండాలని మా పెద్దల పట్టుదల. వినేవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. చదివినంతసేపూ సన్మానం చేయించుకునే మనిషి మెడలో దండతో నిలబడే ఉండాలి.

ఆ ఏడు ఏజాక్స్‌లో ఉండే రిటైర్డ్ డాక్టర్ గారి వంతు వచ్చింది. మా వైపు సంస్థానం రాజావారికి మనవడాయన. ఎనభై దాటాయి, మోకాళ్ళు పోయాయి. ఆయనే ఫోన్ చేశారు.

"నా గురించి ఏముంది బాబూ, మా తాతగారి గురించి రాయండి. మన్యంలో తెల్లవాళ్ళ మీద తిరగబడ్డవాళ్ళకి దొంగచాటుగా బియ్యం పంపేవారని రాయండి. మా మనవరాలు వస్తోంది. దానికి మా వంశమంటే మహా గొప్ప."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొండల్లోకి బియ్యం మోసింది మా నాయనమ్మ తండ్రి. తెల్ల సిపాయిలకు దారి చూపించడానికి మనుషుల్నీ ఏనుగుల్నీ ఇచ్చి, ఆయన్ని పట్టించింది ఆ రాజావారే. ఆ రోజు మా నాయనమ్మ తల్లి ఏడేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళి దివాణం మెట్ల మీద పడి ఏడ్చింది. రాజావారు బయటికొచ్చి, "రేపు రా, చూద్దాం" అన్నారట. ఆ సాయంత్రమే ఆయన్ని కాల్చేశారు. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ మాట చెబుతూనే ఉండేది.

"అలాగే డాక్టర్ గారూ, తప్పకుండా రాస్తాను" అన్నాను తియ్యగా.

"మహారాజశ్రీ" అని మొదలుపెట్టి, సమాసాలు గుప్పించి, జరిగిందంతా రాశాను. స్టేజీ మీద ఆగి ఆగి చదివాను. ముందు వరసవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు, వెనకవాళ్ళ ధ్యాసంతా బిర్యానీ మీదే. అర్థమైంది డాక్టర్ గారొక్కరికే. దివాణంలో ఆ భాష వింటూ పెరిగారు మరి. ఆయన మొహం పాలిపోయింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు. మనవరాలు పరుగున వచ్చి పట్టుకుంది. నేను దివాణం మెట్ల పేరా మళ్ళీ మొదటినుంచి చదివాను. అయ్యేసరికి హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ పిల్లే. నాకు కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

వారం తర్వాత ఆ పిల్ల ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టింది. పత్రానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించిందట. అందులో ఏముందంటే తాతయ్య చెప్పడం లేదట, ట్రాన్స్‌లేట్ చేసి పంపమంది. గంటలోపే ఆయన ఫోన్.

"అంతా నిజమే బాబూ. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. దానికి మాత్రం చెప్పొద్దు. నాకింక మిగిలింది అదొక్కతే. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఏడుస్తున్నారు. నాకు జాలి వేసింది, కాదనను.

"రేపు ఫోన్ చేయండి డాక్టర్ గారూ, చూద్దాం" అన్నాను.

ఆ సాయంత్రమే ఆ పిల్లకు పంపించేశాను. ఒక్క మాట కూడా వదల్లేదు.