తంగేడు మండల తోక

నా చిన్నప్పుడు గుట్ట ఎక్కినందుకు ఎవరూ ఎవరికీ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నారు. మా మనవడు మొన్న స్పెయిన్ దేశం పోయి, అక్కడి కొండల్లో వారం రోజులు సైకిల్ తొక్కి వచ్చాడు. వనపర్తిలో మా ఇంటికి వచ్చి, కూర్చున్నప్పటి నుంచి ఫోన్‌లో ఆ వీడియోలే చూపించాడు. ఆలివ్ తోటలు, గుట్టల నెత్తిన తెల్లటి ఇళ్ల ఊళ్లు, మలుపు మీద మలుపు తిరిగే దారి. చూడడానికి బాగానే ఉంది, కాదనను. ఆ తొక్కేవాళ్లను చూస్తేనే నవ్వొచ్చింది. ఒంటికి అతుక్కున్న చొక్కాలు, నల్ల కళ్లద్దాలు, ఎత్తు వస్తే నోరు తెరిచి ఎగపోయడాలు. మీ సామాను ఏదిరా అని అడిగితే వెనక వ్యానులో వస్తుందన్నాడు. సామాను వ్యానులో, మనిషి సైకిల్ మీద! మా రోజుల్లో సైకిల్ కొన్నదే సామాను కోసం.

దిగేది కూడా చూపించమన్నాను. వాడు నన్ను ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూశాడు.

“దిగుట్ల ఏముంటది అమ్మమ్మా, బ్రేకులు మంచిగుంటయి. ఎక్కుడే అసలు పని.”

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. మా అమ్మకు నాన్న. కోడేరు దగ్గర ఒక ఊళ్లో కుండలు చేసి, సైకిల్ మీద గుట్ట దాటించి అవతలి ఊళ్లలో ఇచ్చి వచ్చేవాడు. ఆ సైకిల్ బ్రేకులు ఎప్పుడో అరిగిపోయాయి. ఎత్తు వస్తే దిగి నెట్టేవాడు, అందులో ఆయనకు ఏ నామోషీ లేదు. గుట్ట నెత్తిన ఆగి, తంగేడు మండలు కోసి మోపు కట్టి, మోపు మీద ఒక రాయి బిగించి, జనపతాడుతో సైకిల్ వెనక కట్టేవాడు. ఆ మోపు నేలను పట్టుకొని ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిల్ ఎద్దు నడకన దిగేది. కట్టిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు.

“ఎక్కెటప్పుడు తప్పైతే ఆగిపోతం. దిగెటప్పుడు తప్పైతే ఆగలేం బిడ్డా.”

పిల్లలు ఆయన్ని తోక తాత అనేవారు. ఆ పేరు వింటే నాకు తల తీసేసినట్టుండేది. నిజం చెప్పాలంటే ఆయన్ని అందరికంటే చులకనగా చూసింది నేనే. వాళ్లు పైకి నవ్వేవారు, నేను లోపల నవ్వుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు గుట్ట అవతలి ఊళ్లో ఒక పెళ్లి వచ్చింది. సున్నం, ఎర్ర జాజు పూసి గీతలు దిద్దిన ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి రానిదే మా వైపు పెళ్లి జరగదు. ఆ ఊరి కుమ్మరి ఇంట్లో ఎవరో పోయి మైల ఉండడంతో మా తాతకు కబురొచ్చింది. పక్క ఊరి పెళ్లికి ఐరేని పిలుపు రావడం ఆయనకు పెద్ద గౌరవం. రెండు రోజులు కూర్చొని ఆ గీతలు దిద్దాడు.

పెళ్లికి ముందు రోజు పొద్దున్నే బయల్దేరాం. కుండలు వలల్లో కట్టి వెనక రెండు వైపులా వేలాడదీశాడు. నేను కొత్త లంగా వేసుకొని వెంట నడిచాను, దిగేటప్పుడు ముందు కడ్డీ మీద కూర్చోబెడతానన్నాడు. గుట్ట నెత్తిన మోపు కట్టి, నీళ్లు తాగడానికి పక్కనున్న చెలిమె దగ్గరికి వెళ్లాడు. కింద ఊళ్లో పందిరి కనిపిస్తోంది. పందిరి కింద నా ఈడు ఆడపిల్లలు ఉంటారు. వాళ్ల ముందుకు నేను తోక ఈడ్చుకుంటూ, దుమ్ము లేపుకుంటూ పోవాలా? మోపు దగ్గరి ముడి విప్పి, చూస్తే ఉన్నట్టే కనపడేలా తాడును ఊరికే చుట్టి పెట్టాను. కింది దాకా రాకుండా దారిలో ఎక్కడో ఊడిపోతే చాలనుకున్నాను. నా తెలివి అంతే.

మొదటి మలుపులోనే ఊడింది. సైకిల్ ఒక్కసారిగా ఉరికింది. తాత రెండు కాళ్లూ నేలకు ఆనించి రాచాడు, చెప్పులు ఊడిపోయాయి. ఒక పక్క లోయ, ఇంకో పక్క మట్టి కట్ట. హ్యాండిల్ కట్ట వైపు తిప్పి, నన్ను ఒక చేత్తో రొమ్ముకు అదుముకొని, తాను కుండల మీదికి ఒరిగాడు. నాకు చిన్న గీత కూడా పడలేదు. కుండ ఒక్కటి మిగల్లేదు.

మోకాలు చిట్లి పంచె ఎర్రబడింది. ఆయన లేచి తాడు కొస పట్టుకొని చూశాడు. అది తెగలేదు. తర్వాత నా వైపు చూశాడు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

పందిట్లో పెళ్లికూతురి పెదనాన్న ఎదురొచ్చాడు. ఆ మనిషికి ఉన్నదల్లా మీసమే, అయినా ఆ రోజుకు పెద్దమనిషి ఆయనే. ఐరేని కుండ దారిలో పగలడం అపశకునమని అందరూ వినేలా అరిచాడు.

“తోక కట్టుకొని తిరుగుడు తెల్సు గని, ముడి ఎయ్యుడు తెల్వదా నీకు?”

పందిరంతా నవ్వింది. తాత తల వంచుకున్నాడు.

“నేనే సరిగ ఎయ్యలె అయ్యా. పిల్ల బెదిరింది, జరన్ని నీళ్లియ్యుండ్రి.”

నీళ్లు వచ్చాయి. తాగాను. నేను నోరు తెరిచింది ఆ నీళ్ల కోసమే, మాట కోసం కాదు.

ఆ మోకాలితోనే ఇంటికి నడిచి, సాయంత్రం వేరే కుండలకు సున్నం పూసి, మర్నాడు పొద్దున్నే తల మీద పెట్టుకొని మళ్లీ గుట్ట దాటాడు. పెళ్లి జరిగింది. ఆ ఊరివాళ్లు మాత్రం ఇంకెప్పుడూ ఆయన్ని ఐరేనికి పిలవలేదు. ముడి వేయడం రానివాడన్న పేరు ఆయన పోయేదాకా ఉండిపోయింది. నన్ను ఒక్కనాడూ అడగలేదు, మా అమ్మకూ చెప్పలేదు.

నేనూ ఇన్నేళ్లు అందరికీ ముడి జారిందనే చెప్పుకొచ్చాను. మొన్న మనవడికీ అట్లాగే చెప్పాను. అంతా విని, పాపం, తాతకు ముడి ఎయ్యరాదన్నమాట అని నవ్వాడు. ఆ పందిట్లో విన్న నవ్వే అది.

“నవ్వకు. మా తాత ముడి ఎన్నడు జారలె. నేనే ఇప్పిన,” అన్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టాడు. సామాను వ్యానులో పంపి గుట్టలెక్కే మొనగాళ్లు నాకు ఇప్పటికీ చులకనే, అది ఈ వయసులో పోదు. కాకపోతే ఎవరిని చూసి నవ్వొచ్చినా ముందు నా వేళ్లకు ఆ జనపతాడు గరుకు తగులుతుంది.