ఎదురు మర

మా ఆయనది ఎడమచేతి వాటం. ఈ సంగతి పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని ఎవరూ అనుకోలేదు కాబోలు. కొత్తలో ఆయన పక్కన కూర్చుని అన్నం తింటుంటే మా మోచేతులు ఢీకొనేవి. ఎటు పక్కన కూర్చోవాలో తేల్చుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. అన్నం దగ్గరే ఇంత ఇబ్బంది ఉంటే, తండ్రీ కొడుకులు ఒకే బల్ల ముందు, ఒకే దీపం కింద నగలు చేసే గదిలో ఎంత రభస జరిగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మాది కంసాలి ఇల్లు. వీధి వైపు గది పని గది. కిటికీ కింద బల్ల, దాని అంచుకి ఒక తోలు ముక్క కట్టి ఉంటుంది. ఆకురాయితో రాస్తున్నప్పుడు రాలే బంగారు పొడి అందులో పడుతుంది. గోడకి పట్టుకార్లు, కత్తెరలు, ఊదుగొట్టం. మా మామగారికి పనిలో ఎంత పేరుందో కోపంలోనూ అంతే పేరుంది. వీధిలో అందరూ ఆయనకి పని ఇచ్చేవాళ్ళే, ఆయన ముందు నోరెత్తడానికి మాత్రం వెనకాడేవాళ్ళు.

కొడుకు ఎడమచేత్తో ఆకురాయి పట్టుకుంటే ఆయనకి ఒళ్ళు మండేదట. ఆ చేతిని లాగు జేబులో పెట్టించి కుడిచేత్తో పని చేయించారట. కుడిచేత్తో చేసిన పని చూసి మరింత మండిందట. చివరికి విసిగిపోయి, రాయడం, కొయ్యడం, అతకడం ఏ చేత్తోనైనా ఏడవమన్నారు. ఒక్క పని మాత్రం ఒప్పుకోలేదు. అది శీలలకి తీగ చుట్టడం.

ఈ తీగ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చెవి దిద్దుకి వెనకాల ఒక కాడ ఉంటుంది, ఆ కాడకి శీల బిగిస్తాం. ఇప్పుడంటే మిషన్ మీద చేసిన కాడలూ శీలలూ ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. వెనకటి రోజుల్లో మర కూడా చేత్తోనే తీసేవాళ్ళు. కాడ చుట్టూ రెండు సన్నటి తీగలు పక్కపక్కన చుట్టి, ఒకదాన్ని జాగ్రత్తగా విప్పి తీసేస్తారు. మిగిలినది కాడకి అతికిస్తారు, తీసినది శీల లోపల అతికిస్తారు. రెండూ ఒకే చుట్టులోంచి పుట్టినవి కాబట్టి ఆ శీల ఆ కాడకే పడుతుంది, ఇంకోదానికి పట్టదు. చిక్కేమిటంటే, కుడిచేతి వాళ్ళు చుడితే తీగ ఒక వైపుకి ఎక్కుతుంది, ఎడమచేతి వాళ్ళు చుడితే రెండో వైపుకి ఎక్కుతుంది. అలాంటి శీలని అందరూ తిప్పేటట్టు తిప్పితే ఊడి రాదు, ఇంకా బిగుస్తుంది. దాన్ని మా ఇంట్లో ఎదురు మర అంటారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి మామగారు ఊళ్ళో లేరు. మా ఆయన ఎడమచేత్తో తీగ చుట్టి ఒక దిద్దు పూర్తి చేశారు. చుట్లు ఎంత ఒద్దికగా ఉన్నాయంటే, తెలియని నాకే ముచ్చటేసింది. మామగారు వచ్చి దాని శీల తిప్పి చూశారు. కదల్లేదు. రెండో వైపుకి తిప్పారు, వచ్చింది. ఆయన మొహం మాడిపోయింది. "ఈ ఇంట్లో ఎదురు మర చెయ్యం" అని, ఆ కాడ కత్తిరించి మూసలో పడేశారు. బంగారం కరిగేదాకా అక్కడే నిలబడ్డారు.

"ఏమిటండీ అది? నోట్లో నాలుక లేదా మీకు?" అన్నాను లోపలికి వచ్చాక.

"ఏమనమంటావు? మన వంశంలో ఎవరికీ లేని చెయ్యి నాకొచ్చింది" అన్నారు మా ఆయన.

అప్పటి నుంచీ ఆయన కుడిచేత్తోనే తీగ చుట్టేవారు. చూసేవాళ్ళకి జాలేసేది. నాలిక బయటపెట్టి, భుజం ఎగరేసి, చుట్టినది విప్పి మళ్ళీ చుట్టి, ఎలాగో అయిందనిపించేవారు. మామగారి చేతులకి వణుకొచ్చి, కళ్ళకి పొర వచ్చి బల్ల దగ్గర నుంచి లేచాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఆయన పని గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చప్పుళ్ళు వినేవారు. సుత్తి దెబ్బని బట్టి రేకు మందమెంతో చెప్పేవారు. కాసేపు చప్పుడు ఆగిందంటే చాలు, తీగ చుడుతున్నారని తెలిసిపోయేది.

"ఏ చేత్తో చుడుతున్నావురా?"

"కుడిచేత్తోనే నాన్నా."

"ఊఁ."

ఈ మాటలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మిషన్ శీలలు వచ్చినప్పుడు అందరికంటే నేనే ఎక్కువ సంతోషించాను. ఇక చుట్టే పనీ లేదు, అడిగే పనీ లేదు.

మా ఆయనకి పాత నగలంటే ప్రాణం. ఎవరైనా బాగుచేయమని తెస్తే ముందు దాన్ని బోర్లా తిప్పుతారు. ముందువైపు కొనుక్కున్న వాళ్ళకట, వెనకవైపు మనకట. అరిగిన అంచు, అతుకు మీద ఇంకో అతుకు, ఎవరో తొందరలో పెట్టిన గాటు, ఇవన్నీ చూస్తూ తనలో తాను నవ్వుకుంటారు. "ఈయనకి ఆ రోజు పెళ్ళాంతో గొడవై ఉంటుంది, ఈ గింజ వంకరగా పెట్టాడు" అంటారు. పాత వస్తువు తళతళలాడేలా మెరుగు పెట్టమంటే ఆయనకి ఏడుపొస్తుంది. మెరుగు పెడితే ఆ మనుషులంతా చెరిగిపోతారంటారు. నాకు వస్తువు కనబడుతుంది, ఆయనకి చేసినవాడు కనబడతాడు. మా ఇద్దరికీ తేడా అంతే.

మొన్నీమధ్య వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ ఆవిడ ఒక జత దిద్దులు తెచ్చింది. ఆవిడ అమ్మమ్మవట. ఎర్ర రాళ్ళు, చుట్టూ ఆవగింజల్లాంటి బంగారు చుక్కలు. ఒక దిద్దుకి శీల పోయింది, రెండోదాని శీల బిగుసుకుపోయి ఉంది.

"ఇవి నా వల్ల కాదు బాబూ. ఈ కాడలు రెండూ కోసేసి, కొత్త మిషన్ కాడలు అతికించు. హాయిగా పెట్టుకుంటాను" అని ఇచ్చి వెళ్ళిపోయింది.

మా ఆయన బిగుసుకున్న శీలకి ఒక చుక్క నూనె వేసి తిప్పారు. రాలేదు. ఇంకాస్త బలంగా తిప్పబోయి ఆగారు. భూతద్దం పెట్టుకుని కాడ మొదలు దగ్గర చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా రెండో వైపుకి తిప్పారు. శీల చేతిలోకి వచ్చింది.

"ఇటు రా" అని నన్ను పిలిచారు. మామగారు అప్పుడు పెరట్లో ఉన్నారు. "ఇది చూడు. ఎదురు మర. నాకు ముందు ఒకడున్నాడే! ఎవరో ఏమో, నాలాగే ఎడమచేత్తో చుట్టాడు. ఎంత బాగా చుట్టాడో చూడు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. జుట్టు నెరిసిన మనిషి, తప్పిపోయిన అన్న దొరికినట్టు ఆ దిద్దుని పట్టుకుని కూర్చున్నారు. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఒంటరిగా ఉన్నాడని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇక అక్కడి నుంచి మొదలయ్యాయి మా తిప్పలు. ఆవిడేమో కాడలు కోయమంది. కోస్తే ఆ మర పోతుంది, దాంతో పాటు ఆ చుట్టినవాడూ పోతాడు. కోయకూడదంటే పోయిన శీల కొత్తగా చేయాలి. దానికి ఆ పాత గాడిలోనే తీగ చుట్టి, అది విప్పి శీల లోపల అతకాలి. మా ఆయన కుడిచేత్తో ప్రయత్నించారు. తీగ గాడి తప్పి పక్కకి పోయింది. మళ్ళీ చుట్టారు, మళ్ళీ పోయింది. ఎడమచేత్తో అయితే చిటికెలో అయిపోయే పని. గుమ్మంలో మామగారున్నారు.

దర్జీ ఆవిడ వచ్చి అడిగితే మా ఆయన "రేపు" అన్నారు. మళ్ళీ వస్తే మళ్ళీ "రేపు" అన్నారు. ఆవిడ నా వైపు చూసి, "మీ ఆయన మీనమేషాలు లెక్కపెడుతున్నాడా ఏమిటి? రేపు సాయంత్రం కూడా కాకపోతే ఇంకో కొట్లో ఇచ్చుకుంటాను" అని గట్టిగానే చెప్పి వెళ్ళింది.

"మామయ్యని అడగరాదూ?" అన్నాను వంటింట్లో మెల్లగా.

"అడిగితే కోసెయ్యమంటాడు. నా చేత్తోనే కోయిస్తాడు" అన్నారు మా ఆయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రికి భయపడే వయసా ఇది? వంట మధ్యలో వదిలేసి పని గదిలోకి వెళ్ళాను. విప్పిన శీలని మళ్ళీ దిద్దుకి బిగించి, ఆ దిద్దు తీసుకెళ్ళి మామగారి అరచేతిలో పెట్టాను. ఏమిటో, ఎవరిదో చెప్పలేదు. ఎదురు మర అన్న మాట అసలే ఎత్తలేదు. ఆయనే తిప్పి, ఆయనే తిట్టి, అదేదో తేలిపోవాలనుకున్నాను. బల్ల దగ్గర మా ఆయన చేతిలో తీగ కింద పెట్టేశారు.

మామగారు దిద్దుని కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. బొటనవేలితో రాళ్ళు తడిమారు, చుట్టూ ఉన్న చుక్కలు తడిమారు, వెనక పలక తడిమారు. వేలు ఒకచోట ఆగింది. తర్వాత వణికే వేళ్ళతో శీల పట్టుకున్నారు. ఒక్కసారి కూడా తప్పు వైపుకి తిప్పలేదు. తిన్నగా ఎదురు వైపుకి తిప్పి ఊడదీసి, శీల ఒక చేతిలో, దిద్దు ఒక చేతిలో పెట్టుకుని కూర్చున్నారు.

మా ఆయన లేచి నిలబడ్డారు. "అది ఎదురు మర అని నీకెలా తెలుసు నాన్నా?"

మామగారు శీలని కాడ పక్కకి చేర్చి పెట్టుకున్నారు.

"దిద్దు మా నాన్న చేసింది. తీగ మా అమ్మ చుట్టింది" అన్నారు.

"నాయనమ్మా?"

"వంటింట్లో కూర్చుని చుట్టేది. పొయ్యి మీద కూర ఉడికేలోపు ఒక జత అయిపోయేది. ఎడమచేత్తో. నీలాగే."

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళలో మామగారి నోట 'నీలాగే' అన్న మాట ఆయన కొడుకు విని ఎరగరు.

"జనం వెనక్కి తెచ్చారు" అన్నారు మామగారు. "శీల తిరగట్లేదు, పని రానివాళ్ళ చేత చేయిస్తున్నావా అని ఇదే వాకిట్లో అరిచారు. నాన్న అందరి ముందూ అమ్మ చేతిలోంచి తీగ లాగేశాడు. వెనక్కొచ్చినవన్నీ కరిగించాడు. అమ్మ మళ్ళీ తీగ ముట్టుకోలేదు. నేను చిన్నవాణ్ణి, చూస్తూ నిలబడ్డాను. తర్వాత నువ్వు పుట్టావు. ఏది ఇచ్చినా ఎడమచేత్తో అందుకునేవాడివి. నిన్నెవరూ అలా అనకూడదనుకున్నానురా. చివరికి నేనే అన్నాను."

మా ఆయన తరఫున కోపం తెచ్చుకోవడం నాకు అలవాటైపోయింది కాబట్టి నేనే అడిగాను. "ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేది మామయ్యా? మన వంశంలో ఎవరికీ లేని చెయ్యి అనుకుంటూ బతికాడు మీ కొడుకు."

"చెప్పడం చేతకాలేదమ్మా" అన్నారు. నా కోపం మాత్రం పూర్తిగా పోలేదు, ఇప్పటికీ కొంచెం ఉంది.

అడుగంటిన కూర దించేసి, నేను దర్జీ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. కొట్లో మిషన్ ఆపించి జరిగినదంతా చెప్పాను. శీల ఎటు తిప్పాలో చేత్తో చూపించాను. ఆవిడ కాసేపు నోరు తెరుచుకుని విన్నది.

"ఎడమచేతి కత్తెర ఉన్నట్టు ఎడమచేతి శీలన్నమాట!" అని, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "మా అమ్మమ్మ ఈ దిద్దులు చచ్చినా తీసేది కాదమ్మా. ఎంత ఇష్టమో అనుకునేవాళ్ళం. తియ్యడం రాక అన్నమాట! సరే, కొయ్యొద్దని చెప్పు. ఎటు తిప్పాలో మాత్రం ఇంకోసారి చూపించి ఇవ్వమను."

కరిగించకుండా ఆ ఒక్క జత ఎలా మిగిలిందో నాకు అప్పుడర్థమైంది.

నేను తిరిగొచ్చేసరికి మామగారి కుర్చీ గుమ్మంలో లేదు. లోపల బల్ల పక్కన వేసి ఉంది. మా ఆయన దిద్దుని బిగించి, సన్నటి తీగ కొస ఆ పాత గాడిలో ఆనించి పెట్టుకున్నారు. తీగ ఏ చేతిలో ఉందో నాకు కనబడింది. మామగారికి కనబడదు. గది నిశ్శబ్దంగా ఉంది.

"ఏ చేత్తో చుడుతున్నావురా?" అని అడిగారు మామగారు.

"ఎడమచేత్తో నాన్నా."

"ఊఁ" అన్నారాయన. "వదులు కాకుండా చుట్టు."