ఎండబెట్టడాన్ని నిల్వ అని రాశాను

ముందే ఒప్పుకుంటాను, ఈ కేసులో తెలివితక్కువ పని చేసింది నేనే. 1996లో నిడదవోలు దగ్గర ఒక పారిశ్రామికవాడలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. ప్లాట్లు తిరిగి నిబంధనలు చూడటం నా పని. వాటిలో నాకు బాగా నచ్చింది ఓపెన్ స్టోరేజ్ నిబంధన, అంటే ఆరుబయట సరుకు నిల్వ చెయ్యడం గురించినది. హద్దుగోడకి పది అడుగుల లోపు ఏదీ నిల్వ ఉండకూడదు. నిప్పంటుకుంటే ఫైరింజను తిరగడానికి ఆ ఖాళీ. దాన్ని సెట్‌బ్యాక్ అంటారు.

పదకొండో నెంబరు ప్లాటు మంగతాయారు గారిది. కొబ్బరి పీచు, తాళ్లు. భర్త పోయాక ఆవిడే నడిపేవారు. ఎనిమిదిమంది ఆడవాళ్లు అక్కడ తాళ్లు పేనేవారు. ప్లాటు ఒకటే గానీ, పాట్లు తొమ్మిదిమందివీ.

పక్క ప్లాటులో రొయ్యల మేత గోడౌను ప్రసాదరావు గారిది. ఒకరోజు ఆయన ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"గోడవారంతా పీచేనండి. అగ్గిపుల్ల పడితే నా గోడౌను కూడా బూడిదే. ఆయ్, ప్రాణభయమండి," అన్నారు.

పూతరేకు పొరలు విప్పి తిన్నాను. మనిషి పొరలు విప్పి చూడలేదు.

సాయంత్రం ఐదింటికి వెళ్లాను. నాకు ఎండ పడదు, తనిఖీలన్నీ ఆ వేళకే పెట్టుకునేవాణ్ణి. నిజంగానే గోడవార పీచు కుప్పలు, మీద తాటాకులు.

"ఇది నిల్వ కాదు బాబూ," అన్నారు మంగతాయారు గారు. "పొద్దున్నే స్థలమంతా పరుస్తాం. పొద్దుగూకితే మంచుకి తడవకుండా గోడవారకి లాగుతాం. రేపు పదింటికి రండి, అక్కడ గుప్పెడు పీచు కనపడితే అప్పుడు అడగండి."

"రూలు రూలేనండి. రాత్రిళ్లు షెడ్డులో పెట్టుకోండి."

"సగం ఆరిన పీచు షెడ్డులో పెడితే గాలాడక నల్లబడిపోద్ది బాబూ."

తాడు పేనుతున్న ఒకావిడ తలెత్తకుండానే అంది: "పదింటికి ఎండ కదమ్మా, అయ్యగారు కరిగిపోతారు!"

అందరూ నవ్వారు. నాకు రోషమొచ్చింది. మర్నాడే నోటీసు పంపాను. పంపేముందు ఇంకోసారి చదువుకుని మురిసిపోయాను కూడా.

ఆవిడ నోటీసులో ఉన్నట్టే చేశారు. ఆ వానాకాలం పీచంతా షెడ్డులో ముక్కిపోయింది. రాజమండ్రి నుంచి కొనడానికొచ్చినాయన ఒక పాయ లాగి, వాసన చూసి, ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పీచుని షెడ్డులో పెట్టమన్నాను, ఆవిడ వ్యాపారాన్నే షెడ్డుకి పంపాను.

చలికాలంలో ఆవిడ ప్లాటు వదులుకుంటూ కాగితం తెచ్చారు. "సంతకం ఎక్కడ బాబూ?" అనడిగారు. చూపించాను. క్షమించమనబోయి, కాగితం మీద స్టాంపు వేశాను.

"మీదేం తప్పు లేదులెండి," అన్నారావిడే, తాళంచెవులు బల్ల మీద పెడుతూ. "మీకు రాసిచ్చిందే మీరు చదివారు."

రెండు నెలలకి ఆ ప్లాటు కావాలని ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది. ప్రసాదరావు గారిది. ఆయన భయం దేనికో అప్పుడర్థమైంది. ఆవిడ ఇంకెవరి దగ్గరో కూలికి తాళ్లు పేనుతున్నారని తర్వాత విన్నాను. వెళ్లి కనపడే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

2004లో పైఆఫీసు నిబంధనల మార్పుకి సలహాలు అడిగింది. ఈ ఉద్యోగం నాకు నేర్పిందంతా ఒక్క వాక్యంలో రాసి పంపాను: పగలు ఎండకు పరిచి సాయంత్రం కప్పి ఉంచే సరుకు ఓపెన్ స్టోరేజ్ కాదు, పని జరిగే వేళలో చూడకుండా నోటీసు ఇవ్వరాదు. ఆశ్చర్యం, ఒప్పుకున్నారు.

మరుసటేడు ప్రసాదరావు గారు తన రెండోవైపు ఉన్న అప్పడాల యూనిట్ మీద ఫిర్యాదు పెట్టారు, అదే మాట, అదే ప్రాణభయం. మిట్టమధ్యాహ్నం వెళ్లి, అప్పడాలు స్థలమంతా ఎండకి పరిచి ఉండటం చూసొచ్చి, ఫిర్యాదు కొట్టేశాను. ఆ కాగితం పోస్టులో పంపితే సరిపోయేది. నేను కబురుపెట్టి ఆయన్నీ, అప్పడాల ఆడవాళ్లనీ ఒకేసారి పిలిపించాను.

"కళ్లజోడు మర్చిపోయొచ్చానండి," అన్నాను, అది జేబులోనే ఉంది. "మీరే చదివి వినిపించండి."

ఆయన చదివారు. చివర్న ‘ఎండబెట్టడం నిల్వ కాదు’ అని రాసిన దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నబడింది.

"ఆఖరిది వినపళ్లేదండి, మళ్లీ చదవండి," అంది ఒకావిడ.

ఆయన మళ్లీ చదివారు. ఆ మాట వినాల్సిన మనిషి మాత్రం ఆ గదిలో లేరు.