పెద్దమ్మ ముందు నా శ్రుతి మీట

ఆ రోజుల్లో పాటను నడిపేది గొంతు కాదు, రిమోటు అని నా గట్టి నమ్మకం. (ఇరవై రెండేళ్ల వయసులో చేతికి రిమోటు దొరికితే ఎవరికైనా అంతే.) రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అశ్వారావుపేట వైపు ఒక పామాయిల్ మిల్లులో గెలల లారీలు తూచే ఉద్యోగం నాది. శనివారం సాయంత్రం షిఫ్టు మారాక క్యాంటీన్‌లో కరోకే పెట్టేవాళ్లం. టీవీలో పాట అక్షరాలు, స్పీకర్లో సంగీతం, మైకు ముందు మావాళ్లు. నడిపించే పెద్దమనిషిని నేను. ఆ కరోకే పెట్టె రిమోటు మీద పాట శ్రుతి పెంచే, దించే మీట ఉండేది. ఎవరికైనా గొంతు అందకపోతే గుట్టుచప్పుడు కాకుండా రెండు మెట్లు దించేవాణ్ణి. వాళ్లు తమ గొంతే పెరిగిందనుకుని మురిసిపోయేవారు. మా మేనేజరుగారైతే మరీను.

ఒక వారం పరధ్యానంలో మీట నొక్కడం మరిచాను. మా మిల్లు ఫిట్టరు బాబాయి గొంతు పై చరణంలో పీలగా విరిగింది. అందరూ పగలబడి నవ్వారు. ఆయన మైకు బల్ల మీద పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు. మేనేజరుగారు నన్ను పిలిచి, "ఇంకొక్కలు గిట్ల మొఖం చిన్నజేసుకొని పోతే ఆ పెట్టెను స్టోర్‌రూముల వడేస్త, సమజైందా?" అన్నారు. నా పెద్దరికమంతా ఆ పెట్టెలోనే ఉంది మరి!

మరుసటి శనివారం, క్యాంటీన్‌లో వండిపెట్టే పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను గూడ ఒకటి పాడ్త" అంది. ఆమెకు చదువు రాదు. "టీవీల అక్షరాలెట్ల చదువుతవ్ పెద్దమ్మా?" అని గొణిగాను. "నాకెందుకయ్యా అవి? పాట నోట్ల ఉన్నది గద!" అంటూ టీవీకి వీపు పెట్టి నిలబడి, ఓ పాత సినిమా పాట ఎత్తుకుంది. బాగానే సాగింది. పై చరణం దగ్గరపడేసరికి బాబాయి ముఖం గుర్తొచ్చి, కంగారులో రెండు మెట్లకు బదులు ఐదు మెట్లు దించేశాను. సంగీతం గోతిలో పడ్డట్టయింది. పెద్దమ్మ ఆగలేదు. మాట మధ్యలోనే గొంతును మెల్లగా కిందికి తెచ్చి సంగీతంలో కలిపేసింది. నేను భయపడి మళ్లీ పైకి నొక్కాను. ఆమె మళ్లీ పైకి వచ్చింది, ఈసారి నవ్వుతూ. రోజూ "ఇంకింత పప్పెయ్యనా?" అని అడిగే గొంతు అదేనంటే నమ్మలేకపోయాను.

చప్పట్లు ఆగాక దగ్గరికెళ్లి, "ఎట్ల పాడినవ్ పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వెటు తీస్కపోతే గటు వచ్చిన. మేనేజర్ సారుకు రెండే దించుతవ్, నాకు గంతగనం దించినవేంది?"

"నీకు తెలుసా!"

"పొయ్యి కాడున్నా చెవులు ఈడనే ఉంటయ్ కొడుకా. ఎవలికీ చెప్పలే. ఆల్ల సంబురం ఆల్లది." గొంతు తగ్గించింది. "రేపు వోయి ఆ ఫిట్టరు తమ్మున్ని తోల్కరా. తప్పు నాదేనని చెప్పు."

వెళ్లి చెప్పాను. బాబాయి తిట్టవలసినంత తిట్టి, ఆ పై శనివారం వచ్చాడు. పెట్టె క్యాంటీన్‌లోనే ఉండిపోయింది.

ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా ఎవరి గొంతైనా జారుతుంటే, జేబులో నా బొటనవేలు లేని మీటను వెతుక్కుంటుంది. అంతలో పెద్దమ్మ గుర్తొస్తుంది. నవ్వుకుని, చెయ్యి బయటికి తీసి అందరికంటే ముందు చప్పట్లు కొడతాను.