ఇద్దరు మిగిలిన లెక్క

రామన్నపేట దగ్గరి బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు, ఆటోకు ఆరుగురైతే ఇరవై మందికి ఎన్ని ఆటోలు కావాలని అడిగితే, అందరూ మూడు, శేషం రెండు అన్నారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వరండాలో సుద్దతో మూడు గళ్లు గీసి, ఒక్కోదాంట్లో ఆరుగురిని నిలబెట్టాను. ఇద్దరు మిగిలారు.

వాళ్లలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, "మేమెట్ల పోవాలె టీచర్?" అంది.

గడిలోంచి ఒకడు, "జర సర్దుకుంటే మూడే సాలు," అన్నాడు.

వాళ్లు రోజూ బడికి వచ్చేది అట్లాగే. ఇంతలో ఆ అమ్మాయి సుద్ద అందుకుని నాలుగో గడి గీసి, రెండో పిల్లను లోపలికి లాక్కుంది.

నాలుగని రాయించి, పక్కన "ఆరుగురికి మించి ఎక్కకపోతే" అని చేర్పించాను. అయినా సాయంత్రం ఆటోలు కిక్కిరిసి వెళ్తుంటే గేటు దగ్గర నిలవలేకపోయాను.