ఎడమ చేత్తో ఇచ్చిన గావా

సౌదీలోని హుఫూఫ్ ఖర్జూర తోటలో నర్సింలు ఎనిమిదేళ్లుగా కాపలాదారు. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్ తన రైఫిల్ తూటాల్లో మందు ఇంట్లో తానే నింపుకునేవాడు. పిస్తోలు మందు రైఫిల్ తూటాలో పడితే తుపాకే పగులుతుందని, మందు విషయంలో ముసలాయనకు మహా పట్టింపు. కళ్లజోడు పెట్టుకుని డబ్బా మీది పేరు రెండుసార్లు చదివితే గానీ మూత తీసేవాడు కాదు.

2004లో ఒకరోజు గది ఊడుస్తుంటే నర్సింలు కాలు తగిలి రైఫిల్ మందు సగం నేలపాలైంది. ‘జెప్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడు’ అనుకున్నాడు. పక్క డబ్బాలోని పిస్తోలు మందూ నల్లగానే ఉంది కదా అని, దాంతో ఆ వెలితి పూడ్చేశాడు.

ఆ శుక్రవారం అబూ నాసర్ ఎప్పట్లాగే పేరు చదివి, సరైన డబ్బానే ఎంచుకున్నాడు. ఎడారిలో తుపాకీ చేతిలోనే పగిలి, కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

“ముసలి కళ్లు. డబ్బా తప్పు చదివి ఉంటాను,” అని అందరికీ చెప్పుకున్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నర్సింలును పిలిచి, అరబ్బీ కాఫీ గావా కప్పు స్వయంగా అందించాడు.

“ఎడమ చేత్తో ఇస్తున్నా నర్సింలూ, తప్పుగా అనుకోకు. మాఫ్ చెయ్యి.”

నర్సింలు రెండు చేతులా కప్పు అందుకున్నాడు. “ఫర్వాలేదు బాబా,” అని ఆయన్ని క్షమించేశాడు.