నిద్రపోయే కంప్యూటర్, నిద్రపోని నేను

ఎనిమిదింటికి గానీ మంచం దిగని మనిషి, అర్ధరాత్రి రెండింటికి కంప్యూటర్ని నిద్ర లేపుతానని పూనుకోవడంలోనే నా తెలివితక్కువతనం సగం బయటపడింది. "అది దానంతటదే లేచి కాపీ తీసుకుంటుంది, మనం హాయిగా పడుకోవచ్చు" అని భార్యకు హామీ ఇవ్వడంలో మిగతా సగం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరులో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతూనే, పత్తిని తినే శనగపచ్చ పురుగు మీద సిద్ధాంత గ్రంథం రాస్తోంది. అంతకు ముందు ఏడాది కరెంటు పోతూ వస్తూ డిస్కు పాడై, ఒక అధ్యాయం పురుగులతో సహా మాయమైంది.

"ఇంకోసారి పోతే మళ్ళీ చేలు తిరిగి పురుగులేరే ఓపిక నాకు లేదు. మానేస్తా," అంది.

అందుకని కంప్యూటర్ డబ్బాలో రెండో డిస్కు పెట్టించాను. పగలు కరెంటు ఉండదు, ఉన్న కాసేపూ ఆవిడ టైపు చేస్తుంది. కాబట్టి పడుకునే ముందు కంప్యూటర్ని నిద్రపుచ్చాలి, రెండింటికి అదే లేచి రాసిందంతా రెండో డిస్కులోకి ఎక్కించుకోవాలి. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాళ్ళని పట్టుకునే ఉద్యోగం నాది. ఇంటికొస్తే, కాపీ కొట్టవే తల్లీ అని ఒక యంత్రాన్ని బతిమాలుకోవడం.

కొన్నాళ్ళు బుద్ధిగా లేచింది. అప్పుడే దర్శి దగ్గర పల్లె నుంచి ఆవిడ అన్నయ్య మిర్చి తీసుకొచ్చాడు. యార్డులో రేటు నచ్చలేదు, కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. మిర్చి కుక్కిన గోనె బస్తాలు, ఆ టిక్కీలన్నీ మా ముందు గదిలో కంప్యూటర్ పక్కనే పేర్చి, కాపలాగా తనూ అక్కడే మంచం వేశాడు. ఇంట్లో గాలికి కూడా కారం అంటింది.

అదేం విచిత్రమో, ఆ తర్వాత కంప్యూటర్ లేవడం మానేసింది. పొద్దున చూస్తే రెండో డిస్కులో పాత తేదీయే. పెట్టిన టైమంతా చెరిపి మళ్ళీ పెట్టాను. రాత్రిళ్ళు లోపలి గదిలో పడుకుని, దాని ఫ్యాను చప్పుడు కోసం చెవులు రిక్కించేవాణ్ణి. ఇటు దొర్లి, అటు దొర్లి, లేచి నీళ్ళు తాగి, మళ్ళీ దొర్లి. వెళ్ళి చూద్దామంటే మనిషి పడుకున్నాడని మొహమాటం. అది నిద్రపోతున్నందుకు నాకు నిద్ర లేదు.

"ఏంది బావా, కళ్ళు పండు మిరగాయల్లా ఉన్నయ్?" అనేవాడు ఆయన పొద్దున్నే కాఫీ దగ్గర.

"కంప్యూటర్ లేవట్లేదు."

"మా ఎద్దూ అంతే. ముల్లుకర్రతో ఒక్కటి పొడువు, అదే లేస్తది."

గ్రంథం ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఒక రాత్రి మొహమాటం చంపుకుని ముందు గదిలోకి వెళ్ళి లైటు వేశాను. ప్లగ్గు గోడకి లేదు, నేల మీద ఉంది.

"బావా! ఇదెవరు పీకారు?"

"నేనే," అంది దుప్పట్లోంచి గొంతు. "రోజూ నేనే. తెల్లారి మళ్ళీ పెడతన్నాగా?"

"ఎందుకు పీకావ్?"

"ఏం చేయమంటావయ్యా? నడిరేతిరి దయ్యం పట్టినట్టు లేచి బుస్సుమని గాలి వదులుద్ది. ఆ గాలికి టిక్కీల్లో కారమంతా లేచి నా ముక్కులోకే! తుమ్మి తుమ్మి చచ్చా. చెబితే నవ్వుతావని చెప్పలా."

మా మాటలకి ఆవిడ లేచి వచ్చింది. "అంటే ఇన్నాళ్ళూ కాపీయే లేదా అన్నయ్యా?" గొంతు పెంచలేదు, టిక్కీ మీద కూలబడింది.

ఆయన గభాల్న లేచి కూర్చున్నాడు. "నీ పురుగుల పుస్తకం దీన్లోనా ఉంది? నాకేం తెలుసే!"

"టిక్కీలు తీసెయ్."

"రేటు రాకుండా ఎట్టా తీసేదే?"

"అయితే రెండింటికి నువ్వే లేచి ప్లగ్గు పెట్టు. ఆన్ చేసి, కాపీ అయ్యేదాకా వరండాలో కూర్చో."

"ఓస్, అదెంత పని!"

గ్రంథం గడువులోపే క్షేమంగా యూనివర్సిటీకి చేరింది. అన్ని రాత్రులూ ఆయన లేచాడు, లేవక తప్పుతుందా? అలారం గడియారం మంచం పక్కన ఉంటే దాని నోరు నొక్కి పడుకుంటాడని ఆవిడకి చెప్పి, టిక్కీల వెనక మూలకి నెట్టింది నేనే. పై వరుస దించితే గానీ అది చేతికందేది కాదు. అది మోగడం మొదలెట్టగానే నేను దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఆయన తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నన్ను తిట్టే తిట్లు వింటూ, కమ్మగా నిద్రలోకి జారుకునేవాణ్ణి.